ఇంట్లో పోకర్ నైట్: డబ్బు లేకుండానే ఆట రక్తి కట్టాలంటే

మీరు గచ్చిబౌలిలో ఉంటున్నానని రాశారు. ఆఫీసు వాళ్లూ కాలేజీ వాళ్లూ కలిపి ఏడెనిమిది మంది ఫ్రెండ్స్ ఉన్నారు. నెలకోసారి ఎవరో ఒకరింట్లో పోకర్ ఆడదామనుకుంటున్నారు. మనిషికి 200 రూపాయలు వేసుకోవచ్చా, ఎలాంటి చిప్స్ (ఆటలో డబ్బుకి బదులు వాడే బిళ్లలు) కొనాలి, సగం మందికి ఆట రాదు కాబట్టి ఎలా నేర్పాలి, తెల్లారేదాకా సాగకుండా ఎలా ముగించాలి అన్నవి మీ ప్రశ్నలు. మా ఇంట్లో చాలా ఏళ్లుగా ఇలాంటి రాత్రులు జరుగుతున్నాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను. కాస్త పొడుగే అవుతుంది.

ముందు ఆ 200 సంగతి. వద్దండీ. 200 కాదు, 20 కూడా వద్దు.

హైదరాబాద్‌లో మనకు వర్తించేది 1974 నాటి తెలంగాణ గేమింగ్ చట్టం. నైపుణ్యంతో ఆడే ఆటలకు అందులో ఒకప్పుడు మినహాయింపు ఉండేది. రమ్మీలో నైపుణ్యానిదే పెద్ద పాత్ర అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు కూడా సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుదే. అందుకే మన ఊళ్లో ఇప్పటికీ ‘స్కిల్ గేమ్ అయితే పర్లేదు’ అనేవాళ్లు కనిపిస్తారు. కానీ 2017లో రాష్ట్ర ప్రభుత్వం చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడితే ఆ మినహాయింపు పనిచేయకుండా చేసింది. గోవాలో ఆడి వచ్చిన ఫ్రెండ్ ఎవరైనా ‘అక్కడ లీగలే కదా’ అంటే, అక్కడి క్యాసినోలు అక్కడి చట్టం కింద లైసెన్సు తీసుకుని నడుస్తాయి, ఆ అనుమతి గోవా దాటి రాదు. పోనీ యాప్‌లో ఆడదామా అంటే, ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడే ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. దీపావళి, సంక్రాంతి వచ్చాయంటే అపార్ట్‌మెంట్లలో, ఫామ్‌హౌస్‌లలో పేకాట ఆడుతూ దొరికిన వాళ్ల వార్తలు మనం చూస్తూనే ఉంటాం. ఉద్యోగాలు చేసుకుంటున్న వాళ్లకు ఒక్క శనివారం రాత్రి కోసం ఆ టెన్షన్ దేనికి?

చట్టం లేకపోయినా నేను వద్దనే అనేవాణ్ణి. 200తో మొదలైంది 200 దగ్గర ఆగదు. పన్నెండు గంటలకు ఓడిపోయి కూర్చున్న మనిషి ‘ఇంకో 500 వేద్దాం, లాస్ట్’ అంటాడు. గెలిచినవాడు కాదనలేడు. సోమవారం ఆఫీసులో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి ఇబ్బంది పడతారు. పైగా మన ఇళ్లల్లో పేకాట అన్న మాట వినగానే అమ్మానాన్నల ముఖం మారిపోతుంది. దానికి కారణం ఉంది. పొలాలు పోయిన ఇళ్లు, ఆడవాళ్ల ఒంటిమీద బంగారం పోయిన ఇళ్లు మన ఊళ్లల్లో అందరికీ తెలుసు. మీ గుంపులో ఎవరికి ఆ బలహీనత ఉందో మీకు బయటికి తెలియకపోవచ్చు. డబ్బు అసలు లేని టేబుల్ దగ్గర అలాంటి మనిషి కూడా నిశ్చింతగా కూర్చుని ఆడుకోగలడు. నాకు ఈ ఒక్క కారణం చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. డబ్బు దొడ్డిదారిన కూడా రాకూడదు. ‘ఓడినవాడు బిర్యానీ బిల్లు కడతాడు’ అన్నా అది పందెమే. తిండి ఖర్చు ఎంతయితే అంత, గెలుపోటములతో సంబంధం లేకుండా, అందరూ సమానంగా పంచుకోండి. ఆట పక్కన ఇద్దరు ఫోన్లో 100, 200 పంపుకునే సైడ్ బెట్లు కూడా వద్దు. మొదటి రోజే ఈ మాట గట్టిగా చెప్పేస్తే మళ్లీ చెప్పాల్సిన అవసరం రాదు.

మీరు భయపడుతున్నది నిజమే

‘డబ్బు లేకపోతే అందరూ మొదటి హ్యాండ్‌కే (మొదటిసారి ముక్కలు పంచగానే) ఆల్ ఇన్ (తమ చిప్స్ అన్నీ పెట్టేయడం) అంటారు, ఆట చెడిపోతుంది’ అని మీరు రాశారు. అవును, ఏ ఏర్పాటూ లేకుండా చిప్స్ పంచేసి ఆడితే సరిగ్గా అదే జరుగుతుంది. పోకర్‌లో తెలివంతా ‘ఇప్పుడు వదిలేయాలా, ఉండాలా’ అన్న నిర్ణయంలోనే ఉంది. ఉండటానికి ఖర్చే లేనప్పుడు ఎవరూ వదలరు. ఎవరూ వదలనప్పుడు బ్లఫ్, అంటే మంచి ముక్కలు లేకపోయినా ఉన్నట్టు నటించి ఆడటం, పనిచేయదు. బ్లఫ్ పనిచేయకపోతే ఇక మిగిలేది ఎవరికి మంచి ముక్కలు పడ్డాయన్న లాటరీ ఒక్కటే.

కాబట్టి చిప్‌కి విలువ తీసుకురావాలి. విలువ అంటే రూపాయే కానక్కర్లేదు. పోయిన చిప్ తిరిగి రాకపోతే చాలు, దానికి విలువ వచ్చేస్తుంది. అందుకే నా సలహా, క్యాష్ గేమ్ పద్ధతి (చిప్స్ అయిపోతే మళ్లీ కొనుక్కుని ఆడటం) వదిలేసి టోర్నమెంట్ పద్ధతిలో ఆడండి. అందరికీ సమానంగా చిప్స్. అయిపోతే ఆట నుంచి ఔట్. మళ్లీ కొనుక్కోవడం లేదు. మొదటి గంటలోనే ఔటయితే మిగతా రాత్రంతా పక్కన కూర్చోవాలి కాబట్టి, ఎవరూ చెప్పకుండానే జనం జాగ్రత్తగా ఆడటం మొదలుపెడతారు. నేను చూసిన ప్రతి గుంపులోనూ ఈ మార్పు ఒక్క రాత్రిలోనే వచ్చింది.

దీనికి తోడు ఒక లీగ్ పెట్టండి. ఆరు నెలలకి ఒక సీజన్. ప్రతి రాత్రీ మొదటి స్థానానికి 10 పాయింట్లు, రెండుకి 7, మూడుకి 5, నాలుగుకి 3, మిగతా అందరికీ వచ్చినందుకు 1. ఆరు రాత్రుల్లో ఒక్కొక్కరివి బాగా వచ్చిన నాలుగే లెక్కలోకి తీసుకోండి. ఊరెళ్లినవాళ్లకి, నైట్ షిఫ్ట్ పడినవాళ్లకి అన్యాయం జరగదు. పాయింట్ల పట్టిక వాట్సాప్ గ్రూపులో పెడుతూ ఉంటే చాలు, నాలుగో స్థానం కోసం మనుషులు ఎంత పట్టుదలగా ఆడతారో మీరే చూస్తారు. సీజన్ గెలిచినవాళ్లకి ఒక చిన్న షీల్డ్ చేయించండి. స్కూళ్లకి షీల్డులు చేసే దుకాణాలు కోఠీ వైపు దొరుకుతాయి. పేరు చెక్కించి, తర్వాతి సీజన్ దాకా వాళ్ల ఇంట్లో ఉంచండి.

మా గుంపులో అందరికన్నా ముందు ఔటయిన మనిషికి ఒక బాధ్యత ఉంటుంది. ఆ రాత్రికి ఆయనే డీలర్. ముక్కలు కలపడం, పంచడం, పాట్ (మధ్యలో పోగైన చిప్స్) లెక్క చూడటం అన్నీ ఆయన పని. ఔటయ్యామన్న చిన్నబోవడం దీంతో పోతుంది. ఆడేవాళ్లకి ఆట వేగంగా నడుస్తుంది. పక్కన కూర్చుని అందరి ఎత్తులూ చూస్తాడు కాబట్టి వచ్చే నెలకి బాగా ఆడతాడు కూడా. రెండోవాడు, మూడోవాడు ఔటయ్యేసరికి పక్క గదిలో ఒక క్యారమ్ బోర్డు ఉంచండి, ఎవరికీ బోర్ కొట్టదు.

చిప్స్ లెక్క

ఎనిమిది మందికి 300 చిప్స్ సెట్ సరిపోతుంది. 500 సెట్ ఉంటే హాయి, కానీ అవసరం లేదు. మరీ తేలికైన ప్లాస్టిక్ బిళ్లలు మాత్రం కొనకండి, నాలుగు పేర్చగానే జారి పడిపోతాయి. 11.5 గ్రాములవో 13.5 గ్రాములవో అని సెట్ మీద రాసి ఉంటుంది, వాటిల్లో ఏదైనా ఒకటే. బిళ్ల మీద అంకె ముద్రించి ఉన్నది తీసుకోండి. రంగుని బట్టి విలువ గుర్తుపెట్టుకోవడం కొత్తవాళ్లకి కష్టం, ‘నల్లది ఎంత?’ అని ప్రతి హ్యాండ్‌కీ అడుగుతూనే ఉంటారు.

ఒక్కొక్కరికి 5,000 విలువైన చిప్స్ ఇవ్వండి. అంటే 25వి ఎనిమిది, 100వి ఎనిమిది, 500వి నాలుగు, 1,000వి రెండు. మొత్తం 22 బిళ్లలు. ఎనిమిది మందికి 176. మిగిలినవి పక్కన ఉంచుకోండి, తర్వాత చిల్లర మార్చడానికి పనికొస్తాయి.

బ్లైండ్లు, అంటే ప్రతి హ్యాండ్‌లో ముక్కలు పడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిన్న, పెద్ద మొత్తాలు, 25/50తో మొదలుపెట్టి ప్రతి 20 నిమిషాలకీ ఒక మెట్టు పెంచండి. తర్వాత 50/100, 75/150, 100/200, 200/400, 300/600, 500/1,000, చివరికి 1,000/2,000. 75/150 అయిపోగానే 25 బిళ్లలతో ఇక పని లేదు. అప్పుడు ఒక విరామం ఇచ్చి వాటన్నిటినీ తీసుకుని 100 బిళ్లలు ఇచ్చేయండి. మొత్తం 25 బిళ్లలు 64, వాటి విలువ 1,600, అంటే 16 బిళ్లలు 100వి చాలు. ఎవరి దగ్గరైనా ఒకటో రెండో 25లు మిగిలిపోతే పైకి సర్దేయండి, అక్కడ లెక్కలు పీకకండి.

రాత్రి ఎప్పుడు ముగుస్తుందన్నది కూడా ఈ పట్టికలోనే ఉంది. టేబుల్ మీద మొత్తం చిప్స్ 40,000. పెద్ద బ్లైండ్ అందులో ఇరవయ్యో వంతుకి చేరేసరికి ఇంటి ఆటలు మామూలుగా ముగింపుకొస్తాయి. మన లెక్కలో అది 2,000, ఎనిమిదో మెట్టు. ఎనిమిది మెట్లు, మెట్టుకి 20 నిమిషాలు, అంటే 2 గంటల 40 నిమిషాలు. భోజనం విరామం కలిపితే మూడున్నర గంటలు. ఏడున్నరకి మొదలుపెడితే పదకొండుకి అయిపోతుంది. ఇంకా త్వరగా కావాలంటే మెట్టుని 15 నిమిషాలు చేయండి. సాగుతోంది కదా అని మొహమాటపడి బ్లైండ్లు పెంచడం మాత్రం ఆపొద్దు. ఫోన్లో టైమర్ పెట్టి అందరికీ వినపడేలా మోగనివ్వండి, అప్పుడు పెంచమని చెప్పింది మీరు కాదు, గడియారం.

పేక దస్తాలు రెండు కావాలి, వెనక వైపు రంగులు వేరువేరుగా. ఒక దస్తా పంచుతుంటే ఇంకొకరు రెండోది కలుపుతుంటారు. దీనివల్ల గంటకి ఆడే హ్యాండ్లు బాగా పెరుగుతాయి. పూర్తి ప్లాస్టిక్ ముక్కలే కొనండి. అట్ట ముక్కలకి ఒక మూల మడత పడిందంటే అది ఆసో కాదో టేబుల్ అంతటికీ తెలిసిపోతుంది. ఇంట్లో రమ్మీకి వాడిన పాత దస్తాలు తెస్తే ముందు లెక్క పెట్టండి. రెండు దస్తాలు కలిసిపోయి, ఇద్దరు ఇస్పేటు రాజులతో ఆట సగంలో ఆగిపోవడం మామూలే. జోకర్లు తీసేసి 52 ఉన్నాయో లేదో చూసుకోవాలి.

కలపడం గురించి ఒక మాట. మన ఇళ్లల్లో చేతిలో పట్టుకుని పైవి కిందికి జార్చే పద్ధతిలో ముక్కలు సరిగ్గా కలవవు. దస్తాని రెండు సగాలు చేసి, అంచులు ఒకదానిలో ఒకటి పడేలా కలిపితే ఏడుసార్లకి బాగా కలుస్తాయని డేవ్ బేయర్, పర్సీ డయాకోనిస్ అనే గణిత శాస్త్రవేత్తలు 1992లో నిరూపించారు. అలా కలపడం రానివాళ్లుంటే ముక్కల్ని బోర్లా పరిచి, రెండు చేతులతో కాసేపు గుండ్రంగా కలిపేయమనండి. చిన్నపిల్లల పనిలా కనిపిస్తుంది కానీ అది బాగా పనిచేస్తుంది.

ఆట రానివాళ్లకి నేర్పడం

మన దగ్గర ‘పేక అస్సలు రాదు’ అనేవాళ్లు తక్కువ. రమ్మీ వచ్చినవాళ్లుంటారు, తీన్‌పత్తీ వచ్చినవాళ్లుంటారు. ఇబ్బంది వచ్చేది ఆ అలవాట్లతోనే, కాబట్టి తేడాలు ముందే చెప్పేయండి.

తీన్‌పత్తీ ఆడేవాళ్లకి కలర్ కన్నా సీక్వెన్స్ పెద్దది. పోకర్‌లో తిరగబడుతుంది, ఒకే జాతి ముక్కలు అయిదు వచ్చిన ఫ్లష్, వరస ముక్కలు వచ్చిన స్ట్రెయిట్ కన్నా పెద్దది. ఎందుకని అడుగుతారు, చెప్పండి. మూడు ముక్కల్లో వరస రావడం కష్టం: మొత్తం 22,100 రకాల చేతుల్లో మామూలు వరసలు 720, కలర్లు 1,096. అయిదు ముక్కలకి వచ్చేసరికి ఒకే జాతి దొరకడం కష్టమవుతుంది: మొత్తం 25,98,960 చేతుల్లో ఫ్లష్‌లు 5,108, స్ట్రెయిట్‌లు 10,200. అరుదుగా వచ్చేది పెద్దది, అంతే. కారణం తెలిస్తే మర్చిపోరు. అలాగే ఆసు, రెండు, మూడు తీన్‌పత్తీలో చాలా పెద్ద చేయి. ఇక్కడ ఆసు నుంచి అయిదు దాకా వచ్చిన వరస అన్ని స్ట్రెయిట్‌లలోకీ చిన్నది.

రమ్మీ వాళ్ల చిక్కు వేరు. వాళ్లకి వరస అంటే ఒకే జాతి కావాలి. ఆరు ఆఠీను, ఏడు కళావరు, ఎనిమిది ఇస్పేటు, తొమ్మిది డైమండ్, పది ఆఠీను చేతిలో పెట్టుకుని ఏమీ లేదనుకుని ఫోల్డ్ చేసేస్తారు (ముక్కలు పడేసి ఆ హ్యాండ్ వదిలేస్తారు). పోకర్ స్ట్రెయిట్‌కి జాతితో పని లేదని రెండుసార్లు చెప్పండి. బ్లైండ్ అంటే కూడా, తీన్‌పత్తీలోలా ముక్కలు చూడకుండా ఆడటం కాదు. డీలర్‌కి ఎడమ పక్కన వరసగా ఉన్న ఇద్దరూ ముక్కలు పడకముందే పెట్టాల్సిన చిప్స్.

పాఠం ఎక్కువసేపు వద్దు. టెక్సాస్ హోల్డెమ్ ఒక్కటే నేర్పండి. ఒక్కొక్కరికి రెండు ముక్కలు బోర్లా, మధ్యలో అందరికీ కలిపి అయిదు ముక్కలు తెరిచి. మొదట మూడు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి టర్న్, ఇంకొకటి రివర్. రెండు ముక్కలు చూశాక ఒకసారి, ఆ మూడు దఫాల తర్వాత ఒక్కోసారి, మొత్తం నాలుగుసార్లు బెట్టింగ్. ఏడు ముక్కల్లో మంచివి అయిదు లెక్క. ఇంతే చెప్పి, నాలుగైదు హ్యాండ్లు అందరి ముక్కలూ తెరిచిపెట్టి ఆడించండి. ‘ఇక్కడ నువ్వయితే ఏం చేస్తావు?’ అని అడుగుతూ ఉండండి. చేతుల వరస, చిన్నదాని నుంచి పెద్దదాకా, తెలుగులో ఒక కాగితం మీద రాసి జిరాక్స్ తీయించి ప్రతి ఒక్కరి ముందూ పెట్టండి. ఆ కాగితం వైపు చూస్తే చేతిలో ఏదో పడిందని ఎదుటివాడు కనిపెట్టేస్తాడు కాబట్టి, అసలేమీ పడకపోయినా మధ్యమధ్యలో చూస్తూ ఉండమని చెప్పండి. ఆ మాట చెప్పిన క్షణాన కొత్తవాళ్లకి పోకర్ అంటే ఏమిటో అర్థమైపోతుంది.

ఒకసారి నిజమైన ఆట మొదలయ్యాక మాత్రం పక్కనుంచి సలహాలు పూర్తిగా బంద్. భర్త చేయి చూసి భార్య, భార్య చేయి చూసి భర్త సైగలు చేయడం అన్నిటికన్నా ఎక్కువ జరిగేది, జంటల్ని పక్కపక్కన కూర్చోబెట్టకండి. ఇంకోటి, మన ఊళ్లో ఒకే టేబుల్ దగ్గర తెలుగు, ఉర్దూ, హిందీ, ఒక్కోసారి తమిళం కూడా వినిపిస్తాయి. కబుర్లు ఏ భాషలోనైనా చెప్పుకోవచ్చు. హ్యాండ్ నడుస్తున్నంతసేపు ఆట గురించిన మాట అందరికీ తెలిసిన భాషలోనే ఉండాలి. అనుమానం ఒక్కసారి వచ్చిందంటే రాత్రంతా పోదు.

గొడవలు వచ్చే చోట్లు

రూల్స్ అన్నీ రాయను, తగువు పుట్టేవి మాత్రం చెబుతాను. వీటిని మొదటి రోజే అందరి ముందూ చదివేయండి.

నోటితో అన్న మాట చెల్లుతుంది. ‘కాల్’ (ముందువాళ్లు పెట్టినంతే పెట్టడం) అన్నాక రైజ్ (పెంచడం) కుదరదు. ‘నీ 200 పెడుతున్నా...’ అని ఆగి, ఎదుటివాడి ముఖం చూసి, ‘...ఇంకో 500’ అనడం సినిమాల్లో బాగుంటుంది. ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఆ ఆగిన క్షణంలో ఎదుటి మనిషి స్పందన చూసేస్తారు. ఎంత పెంచుతున్నారో ముందే చెప్పాలి, లేదా చిప్స్ అన్నీ ఒకేసారి ముందుకు నెట్టాలి.

పెంచేటప్పుడు ముందువాళ్లు ఎంత పెంచారో కనీసం అంత పెంచాలి. ఒకరు 200 బెట్ చేస్తే తర్వాతివాళ్లు కనీసం 400 చేయాలి. వాళ్లు 500 చేశారనుకోండి, పెంచింది 300, కాబట్టి ఆ తర్వాతివాళ్లు కనీసం 800.

వంతు రాకముందే ఫోల్డ్ చేయకూడదు. ఇది మర్యాదే కాదు, న్యాయం కూడా. మీరు ముందే ముక్కలు పడేస్తే మీకన్నా ముందు నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లకి అయాచితంగా సమాచారం దొరుకుతుంది.

అందరికన్నా ఎక్కువ గందరగోళం చిప్స్ తక్కువున్నవాళ్లు ఆల్ ఇన్ అన్నప్పుడు వస్తుంది. లత దగ్గర 600, సలీం దగ్గర 1,500, రవి దగ్గర 2,500 ఉన్నాయనుకుందాం. ముగ్గురూ ఆల్ ఇన్. ముందు ముగ్గురి దగ్గరా 600 చొప్పున తీసి మధ్యలో పెట్టండి, అది 1,800, మొదటి పాట్. ఇది ముగ్గురిలో ఎవరికైనా రావచ్చు. సలీం దగ్గర మిగిలిన 900, దానికి సమానంగా రవివి 900, కలిపి ఇంకో 1,800. ఇది వాళ్లిద్దరి మధ్యే, లతకి ఇందులో వాటా లేదు. రవి దగ్గర మిగిలిన 1,000కి జోడీ లేదు, కాబట్టి అది రవికి వెనక్కి వచ్చేస్తుంది. లత చేయి అందరికన్నా పెద్దదైతే మొదటి పాట్ ఆమెకి, రెండోది మిగతా ఇద్దరిలో పెద్ద చేతికి. ఈ లెక్క వచ్చిన మనిషి టేబుల్ దగ్గర ఒక్కరుంటే చాలు. తొందరపడకుండా బిళ్లలు విడివిడిగా పేర్చి చూపిస్తే ఎవరూ వాదించరు.

చివరికి ఇద్దరే మిగిలినప్పుడు బ్లైండ్లు మారతాయి. డీలరే చిన్న బ్లైండ్ పెడతాడు, ఫ్లాప్‌కి ముందు మొదట ఆడతాడు, ఫ్లాప్ తర్వాత రెండోవాడిగా ఆడతాడు. ఫైనల్లో కూర్చున్నాక ఈ విషయం మీద తగువు పడటం నేను చూశాను, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇంతకుముందు చెప్పినట్టు ఔటయిన మనిషి ముక్కలు పంచుతున్నా సరే, డీలర్ బటన్ (డీలర్ వంతు ఎవరిదో చూపించే బిళ్ల) మాత్రం ఆడేవాళ్ల మధ్యే తిరుగుతుంది. ఇక్కడ డీలర్ అంటే ఆ బటన్ ఎవరి ముందుంటే వాళ్లు.

ముక్కలు తెరిచి టేబుల్ మీద పెట్టాక, ఆడినవాళ్లు తమ చేయి తప్పు చదివినా, ముక్కలు చూపించేదే లెక్క. కొత్తవాళ్లు గెలిచి కూడా తెలియక పడేయబోతుంటే ఆపండి. ఏ తగువొచ్చినా చివరి మాట ఆ రాత్రి ఇంటివాళ్లది. వాళ్ల నిర్ణయం తప్పనిపించినా ఆ రాత్రికి అదే, చర్చ మర్నాడు గ్రూపులో.

ఇల్లు, తిండి

పెద్ద డైనింగ్ టేబుల్ ఉంటే దాని మీద దళసరి దుప్పటి బిగించి కట్టేయండి. లేకపోతే హాల్లో జంపఖానా పరిచి, దిండ్లు వేసుకుని కూర్చోండి, మన వాళ్లకి అదే సుఖం. కాస్త ఖర్చు పెట్టగలిగితే జనరల్ బజార్‌లో వెల్వెట్ గుడ్డ కొని, కింద పల్చటి ఫోమ్ వేయండి. ముక్కలు వేళ్లకి తేలిగ్గా అందుతాయి, బిళ్లల చప్పుడు కూడా కింది ఫ్లాట్‌కి వెళ్లదు. అపార్ట్‌మెంట్‌లో రాత్రి పది దాటాక ఆ చప్పుడు మనకి వినిపించినదానికన్నా కిందివాళ్లకి ఎక్కువ వినిపిస్తుంది. పక్కింటివాళ్లకి ముందే ఒక మాట చెప్పండి, వీలైతే వాళ్లనీ పిలవండి. తలుపులు వేసుకుని గుట్టుగా ఆడాల్సింది ఇందులో ఏమీ లేదు కదా.

తిండి విషయంలో నాది గట్టి పట్టుదల. ఆట నడుస్తున్నంతసేపు టేబుల్ మీద నూనె వస్తువు రాకూడదు. మిర్చి బజ్జీ తిన్న చేత్తో ఒక్కసారి దస్తా పట్టుకుంటే ప్లాస్టిక్ ముక్కలు కూడా తుడుచుకోవాల్సిందే. వేయించిన పల్లీలు, ఫూల్ మఖానా, పండ్ల ముక్కలకి టూత్‌పిక్స్ పెట్టండి. ఇరానీ చాయ్ ఫ్లాస్కులో తెప్పిస్తే కప్పులు టేబుల్ మీద కాకుండా ఒక్కొక్కరి పక్కనా చిన్న స్టూల్ మీద ఉండాలి. ఉస్మానియా బిస్కెట్లు ఎవరికి ఇష్టం ఉండవు, కానీ పొడి రాలుతుంది, వాటినీ స్టూల్ మీదే ఉంచండి. బిర్యానీ మూడో మెట్టు తర్వాత విరామంలో. చేతులు సబ్బుతో కడుక్కుని రావాలి, కాగితంతో తుడుచుకుంటే సరిపోదు. శాకాహారులకి ఏం తెప్పించాలో మధ్యాహ్నమే అడిగి ఉంచుకోండి. రాత్రి తొమ్మిదింటికి ఆర్డర్ పెడితే వీకెండ్‌లో గంటన్నర పట్టొచ్చు, అదంతా మీ బ్లైండ్ల టైమ్‌లోంచే పోతుంది.

మందు ఉండాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా అనుభవంలో రెండో గ్లాసు తర్వాత ఆట నెమ్మదిస్తుంది, మాట పెరుగుతుంది. తాగినవాళ్లు ఎవరూ బండి తీయకూడదు. మన దగ్గర వీకెండ్ రాత్రుళ్లు డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు ఉంటాయని అందరికీ తెలుసు, అవి లేకపోయినా ఇదే చెబుతాను. దిల్‌సుఖ్‌నగర్, ఉప్పల్ వైపు నుంచి వచ్చేవాళ్లుంటే చివరి మెట్రో అందేలా మొదలుపెట్టే టైమ్ ముందుకు జరపండి.

పిల్లలున్న ఇంట్లో ఆడితే వాళ్లు చూస్తారు, అడుగుతారు. తరమకండి. ఎవరు ఏం చేశారో, ఎందుకు వదిలేశారో చెప్పండి. దాచిపెట్టడానికి టేబుల్ మీద రూపాయి లేదు కాబట్టి చెప్పడానికి ఇబ్బందీ ఉండదు.

మొదటి రాత్రికి ఎనిమిది మందినీ పిలవకండి, ఆరుగురు చాలు, అందులో కనీసం ఇద్దరికి ఆట బాగా వచ్చి ఉండాలి. చిప్స్ మాత్రం ఎనిమిది మందికి సరిపడా ముందే కట్టలు కట్టి ఉంచండి, మిగతా ఇద్దరు రెండో నెల వస్తారు. ఆరుగురితో ఆడినప్పుడు మొత్తం చిప్స్ 30,000 అవుతాయి, కాబట్టి పై పట్టికలో చివరి మెట్టుకి ముందే ముగిసిపోతుంది, సుమారు 2 గంటల 20 నిమిషాలు. మొదటిసారికి అదే మేలు. లీగ్ లెక్కలు రెండో నెల నుంచి మొదలుపెట్టండి, మొదటి రాత్రి పాయింట్లు వేయొద్దు, కొత్తవాళ్లు ధైర్యంగా తప్పులు చేయనివ్వండి. పట్టికలో ఎక్కడైనా అర్థం కాకపోతే మీ గుంపు ఎంతమందో, ఎన్ని గంటలు ఆడాలనుకుంటున్నారో రాయండి, దానికి తగ్గట్టు బ్లైండ్ల మెట్లు లెక్కగట్టి ఇస్తాను.